పని లేని రోజుల లెక్క

రెండు ఊళ్లు అనుకుందాం. పని చేసేవాళ్లు, పని వెతుక్కునేవాళ్లు కలిపి ఒక్కో ఊళ్లో వందమంది ఉన్నారు. ఏ నెల లెక్క తీసినా రెండుచోట్లా ఎనిమిదిమందికి పని లేదు. అంటే నిరుద్యోగ రేటు 8 శాతం. పేపర్లో వచ్చే అంకె రెండు ఊళ్లకూ ఒకటే.

మొదటి ఊళ్లో నెలకు నలుగురి ఉద్యోగం పోతుంది, నలుగురికి కొత్తగా దొరుకుతుంది. ఒక్కొక్కరు ఖాళీగా ఉండేది రెండు నెలలు. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం పోవడం 48 సార్లు జరిగింది. ఊళ్లో చాలా ఇళ్లకు ఆ టెన్షన్ తెలుసు. అయినా దాచుకున్న డబ్బుతోనో, చేబదులుతోనో అందరూ గట్టెక్కారు. రెండో ఊళ్లో మూడు నెలలకు ఒక్కరి ఉద్యోగమే పోతుంది. కాకపోతే పోయినవాళ్లకు మళ్లీ దొరకడానికి రెండేళ్లు పడుతుంది. లెక్క వేస్తే అక్కడా ఎనిమిదిమందే. ఆ ఊళ్లో మిగతా 92 మందికి నిరుద్యోగం ఎవరికో వచ్చిన కష్టం. ఆ ఎనిమిదిమందికి మాత్రం తెల్లారితే ఎదురయ్యేది అదే.

నిరుద్యోగం మీద చర్చ దాదాపు ఎప్పుడూ శాతం దగ్గరే ఆగిపోతుంది. ఉద్యోగం ఎందుకు పోయింది, పోయాక ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు ఎంతకాలం ఖాళీ అన్నదాంట్లోనే ఉంది.

అంకెలోకి ఎవరు వస్తారు

అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనం ప్రకారం ఒక మనిషిని నిరుద్యోగి అనాలంటే చేతిలో పని ఉండకూడదు, ఈమధ్య పని కోసం ప్రయత్నించి ఉండాలి, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి. సర్వే జరిగిన వారంలో ఒక్క గంట డబ్బు కోసం పనిచేసినా ఆ మనిషి పని ఉన్నవాళ్ల కిందే లెక్క. వినడానికి విడ్డూరంగా ఉన్నా దీనికో కారణం ఉంది. ఆ గంటలో జరిగిన ఉత్పత్తి దేశ ఆదాయంలో చేరుతుంది కాబట్టి, దాన్ని చేసిన మనిషీ లెక్కలో ఉండాలి.

అసలు తిరకాసు వేరేచోట ఉంది. ఏడాదిపాటు తిరిగి తిరిగి, విసిగిపోయి, వెతకడం మానేసిన మనిషి ఈ లెక్కలో నిరుద్యోగి కాడు. శ్రామిక శక్తి నుంచే బయటికి పోతాడు. అలాంటివాళ్లు పెరిగేకొద్దీ నిరుద్యోగ రేటు తగ్గుతుంది! మాంద్యం తర్వాత రేటు తగ్గిందన్న వార్త వస్తే ఉద్యోగాలు పెరిగి తగ్గిందా, ఆశ చచ్చిపోయి తగ్గిందా అని చూసుకోవాలి. పని వయసున్న జనాభాలో ఎంత శాతం మంది పనిచేస్తున్నారో ఆ రేటుతో పోల్చి చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

పేద దేశాల సంగతి ఇంకో రకం. భృతి లేనిచోట ఏ పనీ చేయకుండా ఉద్యోగం కోసం ఎదురుచూడటం కాస్త ఉన్నవాళ్లకే కుదురుతుంది. లేనివాళ్లు దొరికిన పనల్లా చేస్తారు. ఐదుగురితో అయిపోయే పొలం పనిని ఎనిమిదిమంది పంచుకుంటారు. ఆర్థికవేత్తలు దీన్నే ప్రచ్ఛన్న నిరుద్యోగం అంటారు. అందుకే చాలా పేద దేశాల్లో రేటు చిన్నగానే కనిపిస్తుంది. చదువుకున్న కుర్రవాళ్లలో మాత్రం పెద్దగా ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో ఇంకొకరి సంపాదన మీద ఆగగలిగేది వాళ్లే. కాబట్టి రేటు తక్కువగా ఉన్న దేశం హాయిగా ఉందనుకుంటే పొరపాటే.

గిరాకీ పడిపోయినప్పుడు

పాఠ్యపుస్తకాలు నిరుద్యోగాన్ని రకాలుగా విడదీస్తాయి: ఒక ఉద్యోగం మానేసి ఇంకొకటి వెతుక్కునే విరామం, సీజన్ అయిపోతే వచ్చే ఖాళీ, మాంద్యం వల్ల వచ్చేది, పరిశ్రమలే మారిపోవడం వల్ల వచ్చేది. మొదటి రెండూ పెద్ద జబ్బులు కావు. మనుషులు తమకు నచ్చిన పని వెతుక్కునే వీలున్న ఏ ఆర్థిక వ్యవస్థలోనైనా అవి కొంత ఉంటాయి. చిక్కంతా మిగతా రెండింటితోనే.

1929లో మొదలైన మహా మాంద్యంలో, 1933 నాటికి అమెరికాలో పని కావాల్సినవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు ఖాళీ. అప్పటిదాకా ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది నమ్మిన సూత్రం తేలికైనది. ధర తగ్గిస్తే మిగిలిపోయిన సరుకు అమ్ముడుపోయినట్టే, కూలి తగ్గితే మిగిలిపోయిన మనుషులకూ పని దొరుకుతుందని. 1936లో కీన్స్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఈ లెక్క తప్పన్నాడు. ఒకరు పెట్టే ఖర్చే ఇంకొకరికి ఆదాయం. భయంతో అందరూ ఒకేసారి చేయి బిగిస్తే అందరి ఆదాయమూ పడిపోతుంది, కూలి తగ్గిస్తే ఖర్చు పెట్టే చెయ్యి ఇంకా బిగుసుకుంటుంది. మనుషులు, యంత్రాలు, ముడిసరుకు అన్నీ అక్కడే ఉన్నా కొనేవాడు లేక ఫ్యాక్టరీ ఆగిపోతుంది.

సరే, గిరాకీ పదోవంతు తగ్గితే అందరి జీతం పదోవంతు తగ్గించి, ఎవరినీ తీసేయకుండా నడిపించొచ్చు కదా? ఈ ప్రశ్న చాలాకాలం ఆర్థికవేత్తలను తినేసింది. 1990ల మొదట్లో అమెరికా ఈశాన్య ప్రాంతంలో మాంద్యం ఉన్నప్పుడు ట్రూమన్ బ్యూలీ అనే ఆర్థికవేత్త సూత్రాలు పక్కన పెట్టి, నేరుగా యజమానులు, మేనేజర్లు, కార్మిక నాయకుల్లాంటి 300 మందికి పైగా మనుషుల దగ్గరికి వెళ్లి అడిగాడు. జీతాలు ఎందుకు తగ్గించరని.

వాళ్లు చెప్పింది కాస్త దగ్గరగా చూడాలి. వందమంది పనిచేసే చెప్పుల ఫ్యాక్టరీ అనుకోండి. ఆర్డర్లు పదిశాతం తగ్గాయి. అందరి జీతం పదిశాతం కోస్తే ఆ కోపం రోజూ ఉదయం వందమందితో పాటు గేటు లోపలికి వస్తుంది. పని మందగిస్తుంది. బయట ఎక్కడైనా దొరికే సత్తా ఉన్న మంచి పనివాళ్లు ముందు వెళ్లిపోతారు. అదే పదిమందిని తీసేస్తే వాళ్ల బాధ వాళ్లతోనే బయటికి పోతుంది. మిగిలిన 90 మంది కొన్నాళ్లు బిక్కుబిక్కుమంటూ ఉన్నా పని సాగుతుంది. పైగా ఎవరిని పంపాలో యజమానే ఎంచుకుంటాడు. ఒక్క ఫ్యాక్టరీ వరకు చూస్తే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. దేశంలో ఫ్యాక్టరీలన్నీ అదే నెలలో అదే పని చేస్తే, తీసేసినవాళ్లెవరూ చెప్పులు కొనరు.

ఇదే తర్కం ఇంకొంచెం ముందుకు వెళ్తే ఇబ్బందిగా ఉంటుంది. 1984లో షపీరో, స్టిగ్లిట్జ్ అనే ఆర్థికవేత్తలు ఒక నమూనా చూపించారు. ఉద్యోగం పోయిన మర్నాడే అదే జీతానికి ఇంకొకటి దొరికేట్టుంటే ఒళ్లు దాచుకోకుండా ఎవరు పనిచేస్తారు? అందుకని కంపెనీలు మార్కెట్ కంటే కాస్త ఎక్కువ జీతం ఇస్తాయి. అందరూ అలా ఇచ్చేసరికి ఉద్యోగాలు తగ్గి, గేటు బయట ఒక క్యూ మిగులుతుంది. లోపలివాళ్లను అదుపులో పెట్టేది ఆ క్యూయే. ఇది పూర్తి నిజమా కాదా అన్నది వేరే చర్చ. బయట వందమంది లైన్లో ఉన్నారన్న మాట ఎప్పుడైనా పైవాళ్ల నోట విన్నవాళ్లకు మాత్రం ఈ సిద్ధాంతం కొత్తగా అనిపించదు.

నిరుద్యోగం ఎప్పుడూ పిడుగులా పైనుంచి పడేది కూడా కాదు. కొన్నిసార్లు తెలిసే తెచ్చుకుంటారు. 1979లో అమెరికా కేంద్ర బ్యాంకు పగ్గాలు చేపట్టిన పాల్ వోల్కర్ ద్రవ్యోల్బణాన్ని అణచడానికి వడ్డీ రేట్లను దాదాపు 20 శాతం దాకా వెళ్లనిచ్చాడు. ఇళ్ల నిర్మాణం, కార్ల అమ్మకాలు కుప్పకూలాయి. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. ద్రవ్యోల్బణం నిజంగానే దిగింది, వోల్కర్‌కు ఆ పేరు ఇప్పటికీ ఉంది. బిల్లు ఎవరు కట్టారన్నది మాత్రం అంతగా చర్చకు రాదు. ధరల పెరుగుదల నెమ్మదించిన లాభం అందరికీ వచ్చింది, దాని ఖర్చు ఎక్కువగా కార్ల, ఉక్కు, నిర్మాణ రంగాల పనివాళ్ల మీద పడింది.

పనే మారిపోయినప్పుడు

యంత్రం వస్తే ఉద్యోగాలు పోతాయన్న భయం ఇప్పటిది కాదు. 1811లో ఇంగ్లండ్‌లో లడ్డైట్లు అనే బట్టల పనివాళ్లు తమ పని లాక్కుంటున్న యంత్రాలు పగలగొట్టారు. దూరం నుంచి చూస్తే వాళ్ల భయం తప్పనే అనిపిస్తుంది. 1900లో అమెరికా పనివాళ్లలో దాదాపు 40 శాతం వ్యవసాయంలో ఉండేవాళ్లు, ఇప్పుడు రెండు శాతం లోపే. మిగతా 38 శాతం మందీ ఖాళీగా లేరు. చాలామంది 1900లో పేరైనా లేని పనుల్లో ఉన్నారు. ఏటీఎంలు వచ్చినప్పుడు బ్యాంకు కౌంటర్ ఉద్యోగం పోయినట్టే అనుకున్నారు. అమెరికాలో జరిగింది వేరు. ఒక్కో బ్రాంచికి కావాల్సిన సిబ్బంది తగ్గడంతో బ్రాంచి పెట్టే ఖర్చు తగ్గింది, బ్యాంకులు ఇంకా ఎక్కువ బ్రాంచీలు పెట్టాయి, కౌంటర్ సిబ్బంది సంఖ్య చాలా ఏళ్లు నిలబడింది. ఫోన్‌లోనే బ్యాంకు పనులన్నీ అయ్యే రోజులు వచ్చాకే అది తగ్గడం మొదలుపెట్టింది.

దగ్గరి నుంచి చూస్తే మాత్రం లడ్డైట్ల భయం తప్పు కాదు. చేనేత పనివాడి కొడుక్కో మనవడికో మిల్లులో, రైల్వేలో పని దొరికి ఉండొచ్చు. ఆ నేతగాడికి దొరకలేదు. "దీర్ఘకాలంలో అన్నీ సర్దుకుంటాయి" అనే వాక్యం మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచాలి, ఆ దీర్ఘకాలం చాలాసార్లు ఒక మనిషి పని వయసుకంటే పెద్దది.

వాణిజ్యం వల్ల పోయే ఉద్యోగాల్లోనూ ఇదే కనిపించింది. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక అమెరికాలో ఫర్నిచర్, బట్టలు, బొమ్మలు తయారయ్యే ప్రాంతాలు దెబ్బతిన్నాయి. సిద్ధాంతం ప్రకారం అక్కడి జనం వేరే పనులకో, వేరే ఊళ్లకో వెళ్లిపోవాలి. డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ చేసిన పరిశోధనలో జనం పెద్దగా కదల్లేదని తేలింది. ఇల్లు అమ్ముదామంటే ఫ్యాక్టరీ మూతపడ్డ ఊళ్లో కొనేవాడెవడు? భార్య ఉద్యోగం, పిల్లల బడి, ముసలి తల్లిదండ్రులు అన్నీ అక్కడే. చవకైన సరుకుల లాభం దేశమంతా సన్నగా పరుచుకుంది, నష్టం కొన్ని ఊళ్ల మీద కుప్పగా పడింది.

ఖాళీలు ఉన్నాయి, తగిన నైపుణ్యం ఉన్నవాళ్లే లేరు అనే వాదన తరచూ వింటాం. ఖాళీలూ నిరుద్యోగులూ పక్కపక్కనే ఉండటం నిజమే. ఎవరికి ఎవరు సరిపోతారో వెతుక్కోవడానికి సమయం, డబ్బు ఖర్చవుతాయని నమూనాలు కట్టినందుకే డైమండ్, మోర్టెన్సెన్, పిసరీడెస్ అనే ఆర్థికవేత్తలకు 2010లో నోబెల్ వచ్చింది. కానీ నైపుణ్యం వాదనను అవసరానికి మించి వాడేస్తారు. 2009లో అమెరికాలో నిరుద్యోగం 10 శాతానికి చేరినప్పుడు కూడా, జనానికి కొత్త పనులు రావు కాబట్టి ఇది ఇక తగ్గదన్నవాళ్లు ఉన్నారు. 2019 చివరికి అది 3.5 శాతానికి దిగింది. పదేళ్లలో కోట్లమంది కొత్త చదువులు చదివేయలేదు. మనుషుల కొరత వచ్చేసరికి కంపెనీలే వడపోత సడలించి, చేర్చుకుని నేర్పించుకున్నాయి.

చట్టాల వల్లే నిరుద్యోగం అన్న మాటలో కూడా సగమే నిజం. 1992లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనం గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచితే, పక్క రాష్ట్రంతో పోల్చి చూసిన కార్డ్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలకు ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు దొరకలేదు. అలాగని ఎంత పెంచినా ఏమీ కాదని కాదు. స్పెయిన్‌లో పర్మనెంట్ ఉద్యోగులకు గట్టి రక్షణ, తాత్కాలిక కాంట్రాక్టు వాళ్లకు దాదాపు ఏమీ లేకపోవడం వల్ల, 2008 తర్వాత నిర్మాణ రంగం కూలగానే కాంట్రాక్టు వాళ్లంతా ఒకేసారి రోడ్డున పడ్డారు. 2013లో అక్కడ నిరుద్యోగం 26 శాతం, యువతలో సగానికి పైనే.

వాచీ అక్కర్లేని మనుషులు

నిరుద్యోగం మనిషిని ఏం చేస్తుందో చూపించిన వాటిలో ఇప్పటికీ ముందు చెప్పుకోవాల్సింది వియన్నా దగ్గరి మరీన్‌తాల్ అనే చిన్న ఊరి అధ్యయనం. ఊరంతా ఒక్క బట్టల మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో అది మూతపడింది. మరీ యహోదా, పాల్ లాజార్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్, వాళ్ల బృందం అక్కడ కొన్ని నెలలపాటు ఇంటింటి లెక్కా రాశారు.

వాళ్లు వెళ్లేముందు రెండు రకాల ఊహలుండేవి. పని పోతే జనం తిరగబడతారని కొందరు, ఖాళీ దొరికింది కాబట్టి చదువుకుంటారు, సంఘాల్లో తిరుగుతారని కొందరు. రెండూ జరగలేదు. ఊళ్లో లైబ్రరీ ఉంది, పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది. పరిశోధకులు కిటికీ వెనక కూర్చుని వీధిలో జనం ఎలా నడుస్తున్నారో టైమ్ చూసి రాసుకున్నారు. మగవాళ్లు మెల్లగా నడిచారు, నాలుగడుగులు వేసి ఆగారు, మళ్లీ నడిచి మళ్లీ ఆగారు. ఆడవాళ్లు గబగబా వెళ్లిపోయారు. వాళ్లకు జీతమే పోయింది, ఇంటి పని ఎక్కడికీ పోలేదు. మగవాళ్లలో చాలామంది వాచీ పెట్టుకోవడం మానేశారు. నిన్న ఏం చేశారని అడిగితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పుకోవడానికి రెండు మూడు విషయాలకు మించి ఉండేవి కావు.

జీతం కాక ఉద్యోగం ఇంకేమిస్తుందో యహోదా తర్వాత వివరంగా చెప్పింది: రోజుకో ఆకారం, ఇంటివాళ్లు కాని మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి చేసే పని, సమాజంలో ఒక చోటు, ఒళ్లు వంచాల్సిన అవసరం. కొత్తగా పరిచయమైన ఎవరైనా పేరు తర్వాత అడిగేది "ఏం చేస్తుంటారు?" అనే. ఏడాదిగా ఖాళీగా ఉన్న మనిషి పెళ్లిళ్లకు వెళ్లడం ఎందుకు తగ్గిస్తాడో ఆ ఒక్క ప్రశ్న చెబుతుంది.

డబ్బు నష్టం కూడా కొత్త ఉద్యోగం దొరకగానే ఆగదు. 1980ల మొదట్లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో మూకుమ్మడి లేఆఫ్‌లలో పాత ఉద్యోగం పోయిన అనుభవజ్ఞుల సంపాదన ఐదారేళ్ల తర్వాత కూడా, పోకపోయి ఉంటే వచ్చేదానికంటే పాతిక శాతం తక్కువగా ఉంది. ఆ మిల్లులో, ఆ యంత్రం మీద పదేళ్లలో వచ్చిన పనితనానికి ఇంకోచోట విలువ లేదు. అదే రాష్ట్రంలో జరిగిన మరో అధ్యయనంలో, అలా ఉద్యోగం పోయిన మగవాళ్లలో మరణాల రేటు ఆ వెంటనే బాగా పెరిగిందని, 20 ఏళ్ల తర్వాత కూడా పూర్తిగా మామూలు కాలేదని తేలింది. మాంద్యం ఉన్న ఏడాదిలో డిగ్రీ పూర్తి చేసినవాళ్ల మీద కెనడాలో చేసిన పరిశోధనలో, తక్కువ జీతంతో మొదలైన ఆ వెనకబాటు పోవడానికి దాదాపు పదేళ్లు పట్టింది. పుట్టిన సంవత్సరం తప్ప వాళ్ల తప్పేమీ లేదు.

ఇక్కడినుంచి ఫలితమే కారణమవుతుంది. 2010 తర్వాత క్రాఫ్ట్, లాంగె, నోటోవిడిగ్డో అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో వంద నగరాల్లో సుమారు 3,000 ఉద్యోగ ప్రకటనలకు కల్పిత రెజ్యూమెలు పంపారు. చదువు, అనుభవం ఒకే స్థాయివే, ఖాళీగా ఉన్న నెలలే వేరు. మొదటి ఎనిమిది నెలల్లోనే ఇంటర్వ్యూ పిలుపులు గట్టిగా పడిపోయాయి. అంటే ఉద్యోగం దొరక్కపోవడానికి కారణం ఉద్యోగం లేకపోవడమే. ఇంకో విశేషం, నిరుద్యోగం బాగా ఎక్కువగా ఉన్న నగరాల్లో ఈ వివక్ష తక్కువ. అందరూ ఖాళీగా ఉన్నచోట ఖాళీగా ఉండటం మచ్చ కాదు. అందరికీ పని దొరుకుతున్నచోట ఒకడికి దొరకలేదంటే లోపం వాడిలోనే ఉందనుకుంటారు.

1986లో బ్లాంచార్డ్, సమ్మర్స్ అనే ఆర్థికవేత్తలు యూరప్ గురించి చెప్పింది దీన్ని దేశం స్థాయిలో చూడటమే. 1970లలో చమురు ధరలతో మొదలైన నిరుద్యోగం ఆ కారణాలు తొలగాక కూడా దిగలేదు. లోపల మిగిలినవాళ్లు తమ జీతం కోసం బేరమాడుకున్నారు, చాలాకాలంగా బయట ఉన్నవాళ్లు పోటీలోంచే తప్పుకున్నారు. తాత్కాలికంగా వచ్చిన జబ్బు శాశ్వతమై కూర్చుంది.

బంధం తెగకపోతే

అలాంటప్పుడు మందు కూడా కాలం మీదే పనిచేయాలి. జర్మనీలో కుర్ట్‌సార్‌బైట్ అనే పద్ధతి ఉంది. గిరాకీ పడిపోతే మనుషుల్ని తీసేసే బదులు అందరి పని గంటలు తగ్గిస్తారు, పోయిన జీతంలో పెద్ద భాగం ప్రభుత్వ బీమా కడుతుంది. 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ వేళ అక్కడ సుమారు 60 లక్షల మంది ఈ పద్ధతిలో ఉన్నారు. నిరుద్యోగ రేటు ఉన్నదానికంటే ఒక శాతం పైచిలుకు మాత్రమే పెరిగి ఆగింది. వాన వచ్చి వెలిసేదైతే ఈ గొడుగు బాగా పనిచేస్తుంది. బొగ్గు కొనేవాడే లేక మూతపడే గనికి ఇది పనికిరాదు, పోవాల్సిన ఉద్యోగంలో మనిషిని కట్టేసి ఉంచుతుంది. అక్కడ డెన్మార్క్ దారి మెరుగు. తీసేయడం తేలిక, భృతి రెండేళ్ల దాకా వస్తుంది, కానీ ఆ కాలంలో శిక్షణకు, ఉద్యోగ సలహాదారు పిలిచే సమావేశాలకు వెళ్లి తీరాలి. ఖర్చు మాత్రం తక్కువేమీ కాదు.

అదే 2020 ఏప్రిల్‌లో అమెరికాలో నిరుద్యోగం 14 శాతం దాటింది, మహా మాంద్యం తర్వాత అంత ఎప్పుడూ లేదు. అయినా 2021 డిసెంబరుకల్లా నాలుగు శాతం లోపుకు వచ్చేసింది. 2009లో చేరిన 10 శాతం నుంచి ఐదుకు దిగడానికి మాత్రం దాదాపు ఆరేళ్లు పట్టింది. ప్రభుత్వం పంచిన డబ్బు ఒక కారణం. ఇంకో కారణం సర్వేలోనే ఉంది. 2020 ఏప్రిల్‌లో పని లేదన్న సుమారు 2.3 కోట్లమందిలో 1.8 కోట్లమంది, తమను తాత్కాలికంగానే ఇంటికి పంపారని చెప్పారు. తెరిచాక ఏ గేటు దగ్గరికి వెళ్లాలో వాళ్లకు తెలుసు. 2010లో నిరుద్యోగుల్లో దాదాపు 45 శాతం మంది ఆరు నెలలు దాటి ఖాళీగా ఉన్నవాళ్లు, వాళ్ల దగ్గర అలాంటి అడ్రస్ ఏదీ లేదు.